మరిదిగారి చేపల పెట్టె

ఆ రేవులో ఎవరినైనా ఆపి ఫ్రీజింగ్ షెడ్డు ఎక్కడని అడిగితే, "పెట్టెలావిడ దగ్గరికా?" అని ఎదురు ప్రశ్న వేస్తారు. షెడ్డుకు ఓ పేరుంది. గోడ మీద నీలం రంగుతో రాసి కూడా ఉంది. ఆ పేరుతో దాన్ని పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. యజమాని ఇందుకు కొంచెం నొచ్చుకుంటాడు. కానీ ఆవిడ లేకపోతే తన షెడ్డు ఉత్త మంచుగదేనని ఆయనకు ఇంకా బాగా తెలుసు, అందుకే నోరెత్తడు.

అక్కడ జరిగే పని చెబుతాను. సెలవులొస్తే గాలం వేట సరదా కోసం ఎక్కడెక్కడి నుంచో జనం దిగుతారు. డాక్టర్లు, ప్లీడర్లు, ఇంట్లో చేపను చూస్తేనే ముక్కు మూసుకునే ఆఫీసర్లు. తెల్లవారుతుండగా పడవెక్కి, సాయంత్రానికి ఎండకు కమిలిన మొహాలతో, ఒక్కోసారి తమంత ఎత్తు చేపతో తిరిగొస్తారు. చేపను కొక్కేనికి వేలాడదీసి పక్కన నిలబడి ఫొటో దిగుతారు. ఫొటో అయ్యాక ఆ చేపను ఏం చేసుకోవాలో వాళ్ళకు తోచదు. అప్పుడు షెడ్డు గుర్తొస్తుంది. ఇక్కడ చేప మొప్పకు నంబరు బిళ్ళ కట్టి, కోతబల్ల మీద ముక్కలు చేసి, కడిగి, ప్లాస్టిక్ సంచుల్లో గాలి లేకుండా మిషన్ మీద బిగించి, ట్రేల మీద పరిచి మంచుగదిలోకి తోస్తారు. అక్కడ నిండా ఒక పగలూ ఒక రాత్రీ ఉండాలి. ఆ తర్వాత ఆవిడ చేతికి వస్తాయి. ఆవిడ వాటిని థర్మాకోల్ పెట్టెలో సర్ది, మామూలు మంచు కంటే ఎన్నో రెట్లు చల్లగా ఉండే డ్రై ఐస్ వేసి, అట్టపెట్టెలోకి దించి, టేపు చుట్టి మధ్యాహ్నం పన్నెండు గంటల లారీకి ఎక్కిస్తుంది. ఎల్లుండి పొద్దుటికల్లా అది ఆ ఆసామి గుమ్మంలో ఉంటుంది.

సర్దడమేగా, అందులో ఏముంది అంటారు తెలియనివాళ్ళు. ఆవిడ ఎదురుగా మాత్రం అనకండి. ఆవిడ రెండు ప్యాకెట్లు తీసి ఒకదానికొకటి తాటించి చూస్తుంది. లోపలిదాకా గట్టిపడితే పెంకులు తగిలినట్టు టక్కుమంటాయి. నడుమ మెత్తదనం ఉంటే శబ్దం మొద్దుగా వస్తుంది. మొద్దుగా వచ్చిందా, ఆ ట్రే మళ్ళీ మంచుగదికే. ఓసారి ఓ పెద్ద అధికారి లారీ వెళ్ళిపోతోందని కేకలు పెడితే, "మీ కేకలకు అది గట్టిపడదు సార్, రేపు రండి" అంది. ఇక ప్యాకెట్లు సర్దాక పెట్టెలో ఎక్కడా వేలు దూరేంత సందు కూడా ఉండనివ్వదు. ఖాళీ ఉంటే గాలి ఆడుతుంది, గాలి ఆడితే మంచు కరుగుతుంది. పాత పేపర్లు ఉండలు చుట్టి మూలమూలకూ కుక్కి, మూత వేశాక పెట్టెను ఎత్తి ఊపి చూస్తుంది. లోపల ఏ మాత్రం కదిలినా విప్పేసి మొదటికొస్తుంది.

ఈ విద్య ఆవిడకు తండ్రి నుంచి వచ్చింది. ఆయన గాజు సామాను కార్ఖానాలో ముప్పై ఏళ్ళు సరుకు కట్టాడు. సెలవు రోజున కూతుళ్ళిద్దరినీ కార్ఖానా వెనక వరండాలో కూర్చోబెట్టుకుని గ్లాసులకు గడ్డి చుట్టించేవాడు. చిన్నది రెండు గ్లాసులు చుట్టి, మూడో గ్లాసుకు ఆటకు పారిపోయేది. "దొంగ పిల్ల!" అని తండ్రి మురిసిపోయి నవ్వేవాడు. పెద్దది చివరి గ్లాసు దాకా కదిలేది కాదు. అందుకు ఆయన ఇచ్చిన బహుమానం ఇంకో బుట్టెడు గ్లాసులు. పారిపోయినదానికి నవ్వు, కూర్చున్నదానికి చాకిరీ! ఈ లెక్క ఆవిడకు తొమ్మిదో ఏటా అర్థం కాలేదు, నలభై ఆరో ఏటా అర్థం కాలేదు.

తల్లి పోయాక తండ్రి చిన్నకూతురి ఇంటికి చేరాడు. పెద్దది ఎంతో బతిమాలింది. "సముద్రపు గాలి నాకు పడదే" అన్నాడాయన. చిన్నదాని ఇల్లు మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఆ మెట్లు మాత్రం ఆయనకు భేషుగ్గా పడ్డాయి.

అయినా ఆవిడ ఊరుకోలేదు. ప్రతి నెలా మొదటి సోమవారం తండ్రికి ఒక పెట్టె పంపుతుంది. వేటకొచ్చినవాళ్ళు మోయలేక వదిలేసే చేపలు షెడ్డులో పనివాళ్ళకే చెందుతాయి. ఆవిడ తన వాటాలోంచి ముల్లు లేని ముక్కలు ఏరి, మిగతా పెట్టెల కంటే ఓ పిసరు ఎక్కువ శ్రద్ధగా కడుతుంది. పదకొండేళ్ళుగా ఒక్క నెలా తప్పలేదు. పెట్టె అందిన రోజు చెల్లెలు ఫోన్ చేసి, కబుర్లన్నీ అయ్యాక ఫోన్ తండ్రికిస్తుంది. ఆయన "చేరింది" అంటాడు. అంతే. ఇంకో ముక్క ఉండదు.

"బాగా కట్టావే" అని ఆ నోట ఒక్కసారి వినాలని ఆవిడకు కోరిక. పెళ్ళీడు పిల్లలున్న ఆడమనిషి తండ్రి మెప్పు కోసం ఇలా కాచుకుని కూర్చోవడం నగుబాటని తనకూ తెలుసు. తెలిసినంత మాత్రాన కోరిక చస్తుందా?

ఇలా ఉండగా మరిది, అంటే చెల్లెలి భర్త, వేటకు దిగాడు. ఆయన ఇన్సూరెన్స్ ఆఫీసులో మేనేజరు. ఆఫీసు వాళ్ళు ఏడుగురు కలిసి మూడు రోజులకు వచ్చారు. మనిషి మంచివాడు. గలగలా మాట్లాడతాడు, వచ్చీ రాగానే కోతబల్ల దగ్గర వాళ్ళతో కూడా చేతులు కలిపాడు, ఆ చేతులు కడుక్కోవడం కూడా మర్చిపోయాడు. ఇవన్నీ చూసి షెడ్డంతా "మీ మరిది బంగారం" అంటుంటే ఆవిడ పెదవి చివర నవ్వి ఊరుకుంది. ఆయన్ని తిట్టుకోవడానికి ఓ కారణం దొరికితే బావుండునని ఆవిడ ఎన్నో ఏళ్ళుగా చూస్తోంది. ఆయన ఇవ్వడు.

మొదటి రోజు ఆయన గాలానికి ఏమీ పడలేదు. ఆవిడకు కొంచెం హాయిగానే అనిపించింది. రెండో రోజు, బుధవారం సాయంత్రం నాలుగింటికి, పడవ హారన్ కొట్టుకుంటూ వచ్చింది. నలభై రెండు కిలోల ట్యూనా! పట్టింది ఎవరనుకున్నారు, మన మరిదిగారే. జన్మలో మొదటిసారి గాలం పట్టుకున్న మనిషి. కొక్కేనికి వేలాడదీశారు, ఫొటో తీశారు, ఫొటో చెల్లెలికి వెళ్ళింది, అటు నుంచి అయిదు నిమిషాల్లో మరిది ఫోన్ మోగింది.

"మావయ్యగారూ!" అన్నాడు మరిది.

తండ్రి! ఆవిడ కోతబల్ల పక్కన నిలబడి ఉంది. మరిది సంబరం పట్టలేక అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టాడు.

"శభాష్ అల్లుడూ! శభాష్! ఎంత సేపు లాగావు? చేతులేమీ కోసుకోలేదు కదా? శనివారానికల్లా ఇంటికి చేర్చు. మన వీధి మొత్తాన్నీ పిలుస్తాను. మా అల్లుడు పట్టిన చేప అని నేనే వడ్డిస్తాను!"

పది నిమిషాలు మాట్లాడాడు. ఆవిడ గోడ గడియారం చూసింది కాబట్టి నేను ఇంత కచ్చితంగా చెబుతున్నాను. ఆ పది నిమిషాల్లో పెద్దకూతురు అక్కడుందా, బాగుందా అన్న మాట రాలేదు. పదకొండేళ్ళు పెట్టెలు కట్టినదానికి "చేరింది", పడవలో ఒక పూట కూర్చున్నవాడికి "శభాష్"!  ఆవిడ చేతిలో ఉన్న నంబరు బిళ్ళ ఎప్పుడు వంచేసిందో తనకే తెలియదు.

ముక్కలు కోసి, బిగించి, మంచుగదిలో పెట్టేసరికి సాయంత్రం ఆరు దాటింది. ట్యూనా ముక్క మందం, గట్టిపడటానికి మామూలు కంటే ఎక్కువ సేపే కావాలి. మర్నాడు పదకొండింటికి మరిది షెడ్డుకు వచ్చాడు.

"వదినా, ఇవాళ్టి లారీకి పంపించేస్తారా? శనివారం మధ్యాహ్నం మావయ్యగారు పదిహేనుమందిని భోజనానికి పిలిచేశారు. అవుతుందంటారా? కాదంటే చెప్పండి, ఫోన్ చేసి ఆదివారానికి మార్చమంటాను."

కాదంటే చెప్పమన్నాడు. ఈ మాట గుర్తుంచుకోవాలి, ఎందుకంటే ఆవిడ తర్వాత ఎన్నిసార్లు మర్చిపోదామన్నా అది వదల్లేదు. అధికారిని వెనక్కి పంపిన నోటికి, ఇంటి మనిషితో రేపు పంపుతానని చెప్పడం ఎంత సేపు?

"అవుతుంది మరిదిగారూ. మీరు వెళ్ళి టిఫిను చెయ్యండి" అంది.

ఆయన వెళ్ళాక ట్రే బయటికి లాగి, అలవాటు ప్రకారం రెండు ప్యాకెట్లు తాటించింది. మొద్దుగా వచ్చింది శబ్దం. ఇంకో రెండు తీసింది. అవీ అంతే. చేయదలచుకుంటే దారి లేకపోలేదు. డ్రై ఐస్ రెట్టింపు వేసి, మెత్తవాటిని దానికి ఆనించి పెడితే దారిలోనే గట్టిపడతాయి. ఆవిడ రెట్టింపు వెయ్యలేదు. మెత్తవాటిని తీసుకెళ్ళి సరిగ్గా నడిమధ్యలో పెట్టింది. ఆఖరున పైన జానెడు ఖాళీ మిగిలింది. పేపర్ల కట్ట చేతికందే దూరంలోనే ఉంది. దానివైపు ఒకసారి చూసి, మూత వేసి టేపు చుట్టేసింది. ఊపి చూడలేదు. ఆఫీసు గదిలో నుంచి వచ్చిన విలాసం అచ్చు చీటీ అంటించి లారీ దగ్గరికి తోసేసింది.

ముక్క గట్టిపడలేదన్నది తొందర మీదికి నెట్టొచ్చు. ఆ ఖాళీని ఎవరి మీదికి నెడుతుంది? పెట్టెలావిడ చేసిన పనిని నేను వెనకేసుకు రాను. అసూయ ముదిరితే మనిషి చేతిలో ఉన్న విద్యే ఆయుధమవుతుంది, ఆవిడకు ఆ పూట అయింది.

లారీ కదలగానే ఆవిడకు ఎక్కడ లేని ఉత్సాహం వచ్చింది. ఇంటికి వెళ్ళి చాన్నాళ్ళుగా పెండింగులో ఉన్న వంటింటి అలమర కడిగింది. అదే షెడ్డులో మంచు మిషన్లు చూసుకునే మొగుడు, ఆ హడావిడి చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏమిటి సంగతి? మీ మరిది వెళ్ళిపోయాడని ఏడవాలి గానీ అలమరలు కడుగుతావేం?"

"ఆయన వెళ్తే నాకేం, ఉంటే నాకేం!"

"అబ్బో" అన్నాడు మొగుడు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆయన నేర్చుకున్న తెలివి ఏమిటంటే, అబ్బో తర్వాత ఇంకేమీ అనకపోవడం.

శుక్రవారానికి ఆ ఉత్సాహం దిగిపోయింది. అన్నం ముందు కూర్చుంటే పెట్టె ఇప్పుడు ఎక్కడిదాకా వెళ్ళి ఉంటుందో అన్న ఆలోచనే. లారీ ఎండలో ఆగిందేమో, మధ్య ప్యాకెట్లలోంచి నీరు దిగుతోందేమో. ఒకసారి లేచి లారీ ఆఫీసుకు ఫోన్ చెయ్యబోయింది. చేసి ఏమంటుంది? నేను చెడగొట్టి పంపాను, వెనక్కి తెప్పించండి అంటుందా? ఫోన్ పెట్టేసింది. మరి కాసేపటికి తండ్రి పదిహేనుమందికి "మా అల్లుడు, మా అల్లుడు" అని వడ్డించడం కళ్ళ ముందు కదిలింది.  కుళ్ళిపోతే కుళ్ళిపోనీ అనుకుంది.

శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకు, కుళాయిల దగ్గర గ్లవుజులు కడుగుతుంటే ఫోన్ మోగింది. చెల్లెలి నంబరు. కానీ గొంతు తండ్రిది. ఆయన తనంతట తాను ఫోన్ చెయ్యడం పదకొండేళ్ళలో అదే మొదలు.

"పెద్దదానా, నేనే."

"నాన్నా! ఒంట్లో బాగుందా?"

"నాకేం, గుండ్రాయిలా ఉన్నాను. అల్లుడి పెట్టె వచ్చింది." ఆయన ఆయాసపడుతున్నాడు. కోపంలో ఉన్నాడని ఆవిడకు అర్థమైంది. "ఎవడే అది కట్టింది? పైన జానెడు ఖాళీ! అడుగున నీళ్ళు! ముక్కంతా నల్లగా అయిపోయింది. పదిహేనుమంది చూస్తుండగా అల్లుడు మూత తీశాడు. ఆ కంపుకి అందరూ వరండాలోకి పరిగెత్తారు."

ఆవిడ కుళాయి కట్టేసింది.

"అల్లుడేమంటాడో తెలుసా? వదినే కట్టింది మావయ్యా అంటాడు! నాకు ఒళ్ళు మండిపోయింది. అందరి ముందూ అబద్ధాలకోరువన్నాను. ఎక్కడో చవకరకం చోట కట్టించి నా కూతురి పేరు చెబుతావా అన్నాను. నా పెద్దకూతురి పెట్టె ఎట్లా ఉంటుందో నాకు తెలియదా? నీ పెట్టె వస్తే ఈ ఇంట్లో ఇంకెవర్నీ ముట్టుకోనివ్వను, అది నీకు తెలుసా? నేనే తెరుస్తాను. టేపు కోసి, పేపర్లు ఒక్కొక్కటే తీస్తాను. ఎక్కడా వేలు పెట్టే సందు ఉండదు. నా చెయ్యే నీకొచ్చిందనుకునేవాణ్ణి. కాదు. నాకంటే మంచి చెయ్యి నీది."

ఆవిడ గోడకు ఆనుకుంది. ఎదురుచూసిన మాట. ఎదురుచూసిన దానికంటే పెద్ద మాట.

"ఎప్పుడూ అనలేదేం నాన్నా?"

"అనేదేముందే? బాగా కట్టిన సరుకు చేరిందంటారు, అంతే. మా కార్ఖానాకు పగిలినప్పుడే ఉత్తరాలొచ్చేవి. చేరిందని ప్రతి నెలా చెప్పానుగా నీకు?" అని, గొంతు పెంచి, "ఇదిగో, అల్లుడికిస్తున్నాను ఫోను. నేను కట్టలేదని నీ నోటితో చెప్పు. ఇంటికి పెద్దవాణ్ణి, నా మాట నిలబెట్టు" అన్నాడు.

రెండు మాటలు చెబితే సరిపోయేది. కట్టలేదు నాన్నా. అంతటితో మరిది అబద్ధాలకోరు, తను తండ్రి కంటే మంచి పనిమంతురాలు. ఇన్నేళ్ళూ చెల్లెల్ని చూసి కుళ్ళుకుంది, మరిదిని చూసి కుళ్ళుకుంది. ఇప్పుడు తండ్రి ఎవరినైతే నెత్తిన పెట్టుకుని మాట్లాడుతున్నాడో ఆ పెద్దకూతుర్ని చూసి కూడా ఆవిడకు కుళ్ళు పుట్టింది. ఆ మనిషి గురువారం పదకొండింటి దాకా బతికే ఉంది.

"ఫోను ఇవ్వకు నాన్నా. అది నేనే కట్టాను."

 అవతల ఎవరో గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినబడింది.

"తొందర పెట్టాడా అల్లుడు?" అన్నాడు తండ్రి, కొంచెం ఆశగా.

"లేదు. కాదంటే చెప్పండి అన్నాడు."

"ముక్క గట్టిపడలేదంటే పోనీ అనుకుంటాను. పైన ఖాళీ?"

"కావాలనే వదిలాను."

"ఎందుకే?"

పక్కన కోతబల్ల వాళ్ళు చేతులు కడుక్కోవడం ఆపి చూస్తున్నారు. ఆవిడ వాళ్ళ ఎదుటే చెప్పింది.

"నువ్వు ఆయన్ని శభాష్ అన్నావు నాన్నా. నా ముందే. పది నిమిషాలు."

 తండ్రి తిడితే బావుండునని ఆవిడ అనుకుంది. తిట్టలేదు.

"ఆ పదిహేనుమంది ఇంకా వెళ్ళలేదు. ఇప్పుడు నేను పోయి వాళ్ళ ముందు అతని చేతులు పట్టుకోవాలి" అన్నాడు మెల్లిగా. "వచ్చే నెల పెట్టె అల్లుడు తెరుస్తాడు. నేను ఆ గదిలో ఉండను."

ఫోన్ పెట్టేశాడు.

సాయంత్రం ఆవిడే మరిదికి ఫోన్ చేసి అంతా ఒప్పుకుంది. పేపర్ల కట్ట సంగతితో సహా. "పోనీలెండి వదినా, చేపేగా, మళ్ళీ పడుతుంది" అన్నాడాయన. ఆ మాటలో ఎత్తిపొడుపు ఏమైనా ఉందా అని ఆవిడ చెవులు రిక్కించి వింది. లేదు. ఇంత జరిగినా ఆఖరికి మంచివాడిగా కూడా ఆయనే మిగిలాడు. అందుకు ఆవిడకు పట్టరాని ఏడుపొచ్చింది.

మొదటి సోమవారం వచ్చింది. ఆవిడ తన వాటాలోంచి మంచి ముక్కలు ఏరింది. ప్రతి ప్యాకెట్టూ రెండుసార్లు తాటించి చూసుకుంది. మూలమూలకూ పేపర్లు కుక్కి, మూత వేసి, ఊపి చూసి, టేపు చుట్టి, చీటీ అంటించి, పేరు రాసే చోట కలం ఆనించింది. పదకొండేళ్ళుగా ఆ చోట ఒకే పేరు రాసిన చెయ్యి. మొదటి అక్షరం దగ్గర దానంతట అదే తండ్రి పేరు వైపు తిరగబోయింది.

"పన్నెండైంది పెట్టెలావిడా, తెమలండి!" అని లారీ అతను కేకేశాడు.

లోపల మంట అలాగే ఉంది. ఆ మంటతోనే ఆవిడ మరిది పేరు రాసి, పెట్టెను తనే ఎత్తి లారీలో పెట్టింది.